మస్కట్ అని బయల్దేరి దువ్వాడలో దిగాం

ఆ రోజుల్లో విశాఖపట్నంలో ఉద్యోగం దొరకడం కష్టమే గానీ, దొరికిన ఉద్యోగానికి దగ్గర్లో ఇల్లు దొరకడం అంతకన్నా కష్టం. ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలయ్యాక ఎక్కడెక్కడి ఇంజనీర్లూ, కాంట్రాక్టర్లూ వచ్చి ఊళ్ళో దిగిపోయారు. నాలుగు గోడలున్న ప్రతిదానికీ సున్నం కొట్టి అద్దెకిచ్చేశారు. (అతిశయోక్తి అనుకోకండి. మా వీధి చివర ఒక కుటుంబం కాపురమున్న గదిలో అంతకుముందు ఒక గేదె ఉండేది. అది ఖాళీ చేసి ఎక్కడికెళ్ళిందో తెలీదు.) ఇలాంటి ఊళ్ళో అద్దెలు కట్టుకుంటూ బతికేకన్నా గల్ఫ్ పోవడం నయమని మా వర్క్‌షాపులో టీ తాగినప్పుడల్లా తీర్మానం చేసేవాళ్ళం. టీ అయిపోగానే తీర్మానం కూడా అయిపోయేది.

నేను రేవు దగ్గర క్రేన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టర్ని. కొత్తగా పెళ్ళయింది. పాతనగరంలో ఒక మేడ కింది వాటాలో, ఒక గది, ఒక వంటిల్లు, వెనక చిన్న వసారాతో కాపురం. మేడమీద ఇల్లుగలావిడ ఉండేది. వీధంతా ఆవిడని మేడమామ్మ అనేవారు. చెడ్డమనిషి కాదు. కాకపోతే ఆవిడకి మనుషుల మీదకన్నా గోడల మీద మమకారం ఎక్కువ. కుళాయి తెల్లారగట్ల వచ్చి, మనం కళ్ళు నులుముకునేలోపు ఆగిపోయేది. అది మామ్మ తప్పు కాదు. గాలి తిరిగితే ఇనప ఖనిజం ఎర్రదుమ్ము వచ్చి, ఆరేసిన నా పంచెకి సన్యాసం ఇప్పించేది. అదీ మామ్మ తప్పు కాదు. గోడకి మేకు కొట్టకూడదన్న నియమం మాత్రం అచ్చంగా మామ్మదే.

మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న మంచి అద్దం ఒకటి ఉండేది, చుట్టూ చెక్క మీద లతలు చెక్కింది. తగిలించడానికి మేకు లేక, అది నేలమీద చింతపండు జాడీకి జారబడి ఉండేది. పాపం ఆవిడ తల దువ్వుకోవాలంటే దానిముందు నడుం వంచి, మెడ వంచి, ఆఖరికి కూలబడేది. పులుసు పెట్టిన రోజున జాడీ వంటింట్లోకి వెళ్ళేది, అద్దం పడుకునేది.

ఇలా ఉండగా మా వర్క్‌షాపులోనే వెల్డరుగా చేసి మస్కట్ వెళ్ళినతను సెలవు మీద వచ్చాడు. మా వైపు మగాళ్ళు బావా అని పిలుచుకోడానికి చుట్టరికంతో పనిలేదు గనక అతను అందరికీ మస్కట్ బావ అయ్యాడు. మనిషికన్నా ముందు అత్తరు వచ్చేది. అక్కడ రోజంతా నీళ్ళొస్తాయన్నాడు, గదిలో మిషను చల్లగాలి కొడుతుందన్నాడు, ఇల్లు కంపెనీయే ఇస్తుంది, అద్దె అన్న మాటే లేదన్నాడు. (ఆ ఇల్లు ఎంత ఉంటుందని నేను అడగలేదు. నా తెలివి అలాంటిది.) నాకూ ఏదైనా చూడమని అతని చెవిలో వేశాను.

ఒక ఆదివారం మా ఆవిడకి ఓపిక నశించి, రుబ్బురోలు పొత్రంతో గోడకి మేకు కొట్టడం మొదలెట్టింది. రెండో దెబ్బకల్లా మేడమామ్మ మెట్లు దిగొచ్చింది. జ్వరం చూసినట్టు గోడమీద చెయ్యి వేసి చూసి, "నానేటి సేసానే నిన్ను? నా గోడనలా కొడతన్నావ్" అంది. మా ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతే, నాలో ఎవరో పూనారు.

"మీ గోడ మీరే ఉంచుకోండి మామ్మా. మాము మస్కట్ ఎల్పోతన్నాం" అనేశాను.

అప్పటికి పాస్‌పోర్టుకి దరఖాస్తయినా పెట్టలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, అదీ సంగతి. కాదు, తప్పు చెప్పాను, ఆలూ ఉంది, చూలూ ఉంది. మా ఆవిడకి అప్పుడు మూడో నెల. లేనిదల్లా మస్కటే. మర్నాడు పొద్దున్నకల్లా గేటుకి టులెట్ బోర్డు వేలాడింది. నీళ్ళబిందెతో వస్తూ దాన్ని చూసిన మా ఆవిడ, "మనం మస్కట్ ఎళ్తామో నేదో గానీ ఇల్లు మాత్రం ఎల్పోతంది" అంది. నాకు అప్పుడు నిజంగా భయం వేసింది. ఆ అద్దెకి ఊళ్ళో ఇంకో గది దొరకదు, పురిటికి నెత్తిమీద ఒక కప్పు కావాలి, మామ్మ దగ్గరికి వెళ్ళి మాట వెనక్కి తీసుకోడానికి నాకు నోరు రాదు.

పైగా బోర్డు కట్టాక ఇల్లు చూపించే బాధ్యత ఉన్నవాళ్ళదే కదా. ఉన్న లోపాలన్నీ చెబితే వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోతారని ఎత్తువేశాను. ఎర్రదుమ్ము పడుతుందండీ అంటే, మేమున్నచోట నల్లదుమ్మండీ, ఎరుపు నయం అన్నాడు ఒకాయన. నీళ్ళు పావుగంటే వస్తాయంటే, "వస్తాయా?" అని భార్యకేసి చూసి మురిసిపోయాడు ఇంకొకాయన. ఒక పెద్దావిడ వెనక వసారాలో సముద్రపు గాలికి కళ్ళు మూసుకుని నిలబడి, ఎంతకీ కదల్లేదు. ఆ గాలి అంత బాగుంటుందని నాకు అప్పుడే తెలిసింది, తెలిసి కడుపు మండింది. మామ్మ మాత్రం ఎవర్నీ ఒప్పుకోలేదు. ఒకరికి పిల్లలెక్కువన్నది, ఇంకొకరికి గొంతెక్కువన్నది, వడ్రంగం చేసే అతన్నయితే గేటు దాటనివ్వలేదు.

అలాంటప్పుడు మస్కట్ బావ భార్యనీ, నాలుగేళ్ళ కూతుర్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. వీసా కబురే అనుకున్నాను. అతను నావైపు చూడకుండా గదిలోకి నడిచి, వేలి కణుపుతో గోడమీద తట్టి, నెమ్మదిగా అడిగాడు.

"బావా, ఇక్కడ మేకు కొట్టనిత్తారా?"

గొడవంతా దానితోనే మొదలైందన్నాను. అతను చాపమీద కూర్చున్నాడు. ఆ రోజు అత్తరు వాసన లేదు.

"గదికి ఎనిమిది మందిమి బావా. మంచం మీద మంచం. మడిసికో మేకు ఇచ్చారు. నా సొక్కా, నా సంచీ, ఈ గుంట పోటో, అన్నీ దానికే. ఆ దేశంలో నాకున్న ఇల్లు ఆ మేకొక్కటే. నాను మరెళ్ళను."

మరి అన్ని గొప్పలు ఎందుకు చెప్పావంటే, "అత్తరు రాసుకుని వొచ్చినోడు ఏడుత్తాడేటి బావా" అన్నాడు.

కూతుర్ని దగ్గరికి రమ్మన్నాడు. పిల్ల వచ్చి నా కాళ్ళ వెనక దాక్కుంది. దానికి తండ్రికన్నా నేనే నయంగా కనిపించాను కాబోలు. మేడమీదికి కేకేసి, మామ్మా, మంచివాళ్ళు వచ్చారు, ఒక్కతే పిల్ల, మేకులంటే ఈయనకి పడదు అని చెప్పేశాను. మామ్మ ఈసారి సరేనంది. (త్యాగమని మెచ్చుకోకండి. అందులో సగం పరువు.) మా ఆవిడ ఏమంటుందోనని అటు చూశాను. ఆవిడ జాడీ పక్కకి జరిపి, అద్దాన్ని చీరల మధ్య పెట్టి పెట్టె మూసింది.

అలా మస్కట్ అని బయల్దేరి దువ్వాడలో దిగాం. ఊరికి పది మైళ్ళ దూరం. అప్పుడక్కడ స్టేషనూ, తాటిచెట్లూ, మా అదృష్టం కొద్దీ పూత పూయని ఇటుక ఇల్లొకటీ ఉన్నాయి. బావ అద్దాన్ని పాసింజరు బండిలో తన ఒళ్ళోనే పెట్టుకుని తెచ్చాడు. మేకు కొట్టుకోవచ్చా అంటే, గోడే సరిగా లేదు, మేకుకి అడుగుతారేమిటన్నాడు ఇల్లుగలాయన. మా ఆవిడ సామాన్లయినా విప్పకుండా మేకు కొట్టింది. పెద్దవాడు ఆ ఇంట్లోనే పుట్టాడు. తర్వాత ఆ ఇల్లు మేమే కొనుక్కున్నాం, పూతా పూయించాం.

ఈమధ్య పక్కింటి కుర్రాడు సలహాకొచ్చాడు. ఏదో చలిదేశంలో ఉద్యోగమట. గాలి మంచిది, నీళ్ళు మంచివి, అద్దె ఒక్కటే జీతంలో సగం తినేస్తుందట. వెళ్ళమంటారా వద్దంటారా అన్నాడు. అంతా విని, మేకు కొట్టనిస్తారా అని అడిగాను. ముసలాయనకి మతి చలించిందని అనుకుంటాడనుకున్నాను గానీ, వాడు కాసేపు ఆలోచించి, గోడకి చిల్లు పెడితే అడ్వాన్సులో కోసేస్తారండీ అన్నాడు. వెళ్ళు నాయనా, కానీ సెలవుకొచ్చి గొప్పలు చెప్పేటప్పుడు గది ఎంతుంటుందో కూడా చెప్పు అన్నాను.

"ఈయనేదో మస్కట్ సూసొచ్చినట్టే సెప్తన్నారు" అని లోపల్నుంచి వినబడింది. తొంగిచూశాను. దువ్వెనకి ఇప్పుడంత పని లేకపోయినా మా ఆవిడ అద్దం ముందు తల దువ్వుకుంటోంది, హాయిగా నిలబడి. పాతనగరంలో కుర్రాడిగా ఉన్నప్పుడు నేను నోరుజారి చేసిన పనుల్లో ఇదొక్కటి మాత్రం బాగానే కుదిరిందని నవ్వుకున్నాను.