షాపు ఫోన్లో మా అరుగు

నాగర్‌కర్నూల్‌లో నాది చిన్న కెమెరాల షాపు. పెద్ద కంపెనీలు దొంగల భయం చూపించి అమ్ముతాయి. ఆ పప్పులు మా దగ్గర ఉడకవు. మొదట్లో నేనూ దొంగల గురించే చెప్పేవాణ్ణి. కోడేరు నుంచి వచ్చిన ఒక రైతు అంతా విని, "మా ఇంట్ల ఏమున్నదని దొంగలొస్తరన్నా? వచ్చినా వాళ్లే పరేషానైతరు" అని నవ్వి లేచిపోయాడు. అప్పటి నుంచి దొంగల మాట మానేశాను. పొలంలో ఉన్నా, పుణేకు పనికి పోయినా మీ ఇల్లు మీకు కనిపిస్తుంది అని చెప్పడం మొదలుపెట్టాను. నమ్మించడానికి మా ఇంటి అరుగు మీదికి ఒక కెమెరా బిగించి, షాపుకొచ్చిన వాళ్లకు ఫోన్లో ఆ బొమ్మ చూపించేవాణ్ణి.

ఆ బొమ్మలో నా భార్య ఉండేది. బియ్యం చెరుగుతూనో, మిరపకాయల తొడిమలు తీస్తూనో, పక్కింటామెతో ముచ్చట పెడుతూనో. నేను ఫోన్ చేసి, "జర చెయ్యి ఊపు, గిరాకీ వచ్చిండ్రు" అంటే విసుక్కుంటూనే ఊపేది. వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. సగం బేరం అక్కడే కుదిరేది. ఇంటికి పోయాక, "నన్ను సూపెట్టి అమ్ముకుంటున్నవ్, నా కూలేది?" అని అడిగేది. చీర కొంటానన్నాను. కొన్నాను కూడా, ఆమెకు నచ్చని రంగు.

అసలు తిప్పలు ధర దగ్గర. ఆన్‌లైన్ ధర చూపించి బేరమాడతారు. కెమెరాలో తగ్గించడానికి ఏమీ ఉండదు, వైరులో అంతకన్నా ఉండదు. అందుకని లోపల వేసే మెమరీ కార్డు చిన్నది పెడతాం. అది నిండగానే పాత బొమ్మల్ని చెరిపేసి కొత్తవి ఎక్కించుకుంటుంది. వారం నిలిస్తే చాలు, పాతవి ఎవరు చూస్తారు అని అందరికీ చెప్పేవాణ్ణి. మా ఇంట్లో పెట్టిందీ ఆ చిన్న కార్డే.

పోయిన వానాకాలం ఆమెకు జ్వరం ముదిరి దవాఖానలో చేర్చాం. తిరిగి ఇంటికి రాలేదు. దినాలు అయిపోయి, చుట్టాలు వెళ్లిపోయాక నాకు కార్డు గుర్తొచ్చింది. ఒక్కసారి ఆమె నడుస్తుంటే చూడాలని ప్రాణం కొట్టుకుంది. కెమెరాలోంచి తీసి కంప్యూటర్లో పెట్టి చూశాను. టెంటు, కిరాయి కుర్చీలు, చెప్పులు విడిచి లోపలికి వస్తున్న మనుషులు. ఆమె కోసం వచ్చిన జనమే కార్డు నిండా ఉన్నారు. వెనక్కి జరిపి జరిపి చూశాను, ఆమె ఎక్కడా లేదు. ఫోటోలైతే ఉన్నాయి. అన్నిట్లో బిగుసుకుని నిలబడి ఉంటుంది, అది ఆమె కాదు.

కెమెరాను రోడ్డు దిక్కు తిప్పు, వచ్చే పోయే బండ్లు కనిపిస్తే గిరాకీ పెరుగుతుంది అని పక్క షాపాయన అంటూనే ఉన్నాడు. నాకు మనసు రాలేదు.

మొన్న కల్వకుర్తి నుంచి ఆలుమగలు వచ్చారు. ఎప్పటిలాగే ఫోన్ తీసి మా అరుగు చూపించాను. ఎండ పడి ఉంది. తలుపుకు వేసిన తాళం కెమెరాకు అందదు. ఆ అమ్మాయి వంగి చూసి, "ఇంట్ల ఎవ్వరు లేరా అన్నా?" అంది.

"ఉన్నది. లోపల పనిల ఉన్నది" అన్నాను.

బయటికి వస్తుందేమోనని వాళ్లిద్దరూ కాసేపు ఫోన్ వైపే చూస్తూ నిలబడ్డారు. నేనూ చూశాను.