కంఫర్టబుల్ అంటే హాయిగా

నా చిన్నప్పుడు మా అమ్మకు ఇంగ్లీషు నేర్పింది నేనే. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్‌కు వచ్చిన మొదటి రెండేళ్ళూ, బడి నుంచి రాగానే రోజుకు ఐదు మాటలు చెప్పేదాన్ని. అమ్మ వాటిని తెలుగు అక్షరాల్లో రాసుకుని, పక్కన అర్థం రాసేది. ఒక మాటకు ఒక అర్థం. అంతకు మించి ఉండవచ్చని పదేళ్ళ నాకు తెలియదు. కంఫర్టబుల్ అంటే హాయిగా అని అమ్మకు చెప్పాను, మేము సోఫా కొనడానికి వెళ్ళిన రోజున.

రెండో ఏడు చలికాలంలో మా నాన్నగారికి కాలేయం చెడింది. కార్ల కంపెనీలో ఇంజనీరుగా హుషారుగా తిరిగే మనిషి మూడు నెలల్లో మంచానికి అతుక్కుపోయారు. ఆస్పత్రిలో డాక్టరు చెప్పేవన్నీ అమ్మకు నేనే తెలుగులో చెప్పేదాన్ని. అది వింతగా ఎవరికీ తోచలేదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం డాక్టరు చాలాసేపు మాట్లాడాడు. నాకు అందని మాటలు వదిలేశాను. చివర్లో మాత్రం నాన్నను కంఫర్టబుల్‌గా ఉంచుతామన్నాడు. అది నాకు తెలిసిన మాట. హాయిగా ఉంచుతారట అని అమ్మకు చెప్పాను.

అమ్మ ఆయనకు చేతులెత్తి దండం పెట్టింది. ఆయన తల దించుకున్నాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

మర్నాడు అమ్మ ఆస్పత్రికి వెళ్ళలేదు. నాన్న నయమై ఇంటికొస్తారని ఇల్లంతా తుడిచింది. ఎండ తగులుతుందని ఇద్దరం మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపాం. మా పై అంతస్తులో గుంటూరు వైపు ఆంటీ ఒకరు ఉండేవారు. వేరే ఆస్పత్రిలో నర్సు. సెలవు కదా అని పప్పు గిన్నె పట్టుకుని దిగివచ్చారు. అమ్మ నవ్వు ముఖంతో సంగతంతా చెప్పింది. ఆంటీ గిన్నె పక్కన పెట్టి నన్ను దగ్గరికి పిలిచారు.

“డాక్టర్ ఏమన్నాడో ఇంగ్లీష్‌లోనే చెప్పమ్మా. ఏం మార్చొద్దు.”

చెప్పాను. ఆవిడ అమ్మ చేయి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టారు.

“వదినా, హాస్పిటల్‌లో ఆ మాటంటే, ఇంక ట్రీట్‌మెంట్ లేదని. నొప్పి తెలీకుండా చూస్తారు, అంతే. ఇప్పుడే వెళ్దాం పదండి, నేను డ్రైవ్ చేస్తాను.”

అమ్మ ఏడవలేదు. నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అయినా ఈ వయసులో కూడా అది నన్ను వదల్లేదు.

ఆస్పత్రిలో ఆంటీ అమ్మను నాన్న దగ్గర కూర్చోబెట్టి, డాక్టరును పిలుచుకొచ్చి, పిల్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పమని అడిగారు. ఆయన నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మీ నాన్న చనిపోతున్నారు అన్నాడు. ఆ ఇంగ్లీషు మాటకు ఎవరూ నాకు అర్థం చెప్పక్కర్లేకపోయింది.

ఆయన వెళ్ళాక ఆంటీ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

“నువ్వు అబద్ధం చెప్పలేదమ్మా. నీకు తెలిసిన మీనింగే చెప్పావు. తెలీకపోతే తిరిగి అడగొచ్చని మేమెవ్వరం నీకు చెప్పలేదు. అది మా పెద్దవాళ్ళ తప్పు. ఇకనుంచి అడుగు.”

నాన్న ఆ సాయంత్రం అమ్మతో కాసేపు మాట్లాడారు. అమ్మ చెంచాతో పోసిన మంచినీళ్ళు తాగారు. ఆదివారం ఉదయం పోయారు. ఆంటీ దిగి రాకపోతే ఆ కాస్త కూడా అమ్మకు దక్కేది కాదు.

అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ మళ్ళీ నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకోలేదు. బస్సెక్కి లైబ్రరీలో పెద్దవాళ్ళ క్లాసుకు వెళ్ళేది.

ఇప్పుడు ఊళ్ళో ఏ తెలుగువాళ్ళు ఆస్పత్రికి తోడు రమ్మన్నా వెళ్తాను. పిల్లలు వెంట వస్తే, తెలుగులో చెప్పే పని వాళ్ళ మీద పడనివ్వను. డాక్టరు ఏదైనా మెత్తని మాట అంటే ఆపి, ఇక్కడ దాని అర్థమేమిటని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. ఒక్కోసారి నా పక్కన కూర్చున్న ఇల్లాలే, వద్దన్నట్టు నా చేయి గట్టిగా పట్టుకుంటుంది. నేనూ ఆమె చేయి పట్టుకుంటాను. అడగడం మాత్రం మానను.