నిమ్మకాయ పెట్టిన చక్రం

మా మేనమామకు చిన్నమనూరులో ద్రాక్షతోట ఉంది. ఆయన పాత జీపుకు బ్రేకు పైపులు తుప్పుపట్టాయి. మెకానిక్ శనివారం సాయంత్రం కొత్తవి బిగించి, బావమరిది ఇంట్లో చెవులు కుట్టే వేడుక ఉందని వెళ్లిపోయాడు. పైపుల్లో చేరిన గాలి తీసే పని మిగిలింది. సోమవారం పొద్దున అత్తకు మదురైలో కంటి ఆపరేషన్. ఆదివారం మా ఊరు పీలమేడు నుంచి బస్సులో వెళ్లిన నాకు గుమ్మంలోనే ఆమె షరతు వినిపించింది: బ్రేకు నిలిస్తే జీపు, లేకుంటే బస్సు. కట్టు కట్టిన కంటితో ఆమెను బస్సులో వెనక్కి తేవడం మామకు ఇష్టం లేదు.

ఈ పనికి ముగ్గురు ఉంటే మేలు. అత్త డ్రైవరు సీట్లో కూర్చుంది. మామ చక్రం వెనక పడుకుని, అక్కడ గాలి వదిలే చిన్న మర నిపిలుకు సన్నటి గొట్టం తగిలించి, రెండో కొనను సీసాలోని ఆయిలులో ముంచాడు. బానెట్టు కింద డ్రైవరు వైపున్న డబ్బాలో బ్రేకు ఆయిలు తగ్గకుండా పోయడం నా వంతు. అది ఖాళీ అయితే మళ్లీ గాలి లోపలికి పోతుంది. మామ తొక్కమంటే అత్త పెడలు మూడుసార్లు తొక్కి అదిమి పట్టేది. ఆయన స్పానరుతో నిపిలు వదులు చేస్తే సీసాలో బుడగలు వచ్చేవి. తిరిగి బిగించి ఆయన చెప్పేదాకా ఆమె కాలు తీయకూడదు.

మామ ముందువైపు కుడి చక్రంతో మొదలుపెట్టాడు. ఆయుధపూజకు వాళ్లింట్లో తొలి నిమ్మకాయ ఆ చక్రం కిందే పెడతారు. టైరు మార్చినా, గ్రీజు పెట్టినా మొదలు అక్కడే. నాలుగు చక్రాలూ అయ్యేసరికి భోజనాల వేళ దాటింది.

"ఇది ఇంగా మెత్తంగానే ఉండాది," అంది అత్త పెడలు తొక్కి.

కొత్త పైపులు అట్లాగే ఉంటాయన్నాడు మామ. ఆమె కాలికి బలం లేదని కూడా అన్నాడు.

"ముప్పై ఏండ్లు కుట్టుమిషను తొక్కిన కాలు ఇది. మీరే తొక్కి చూడండి."

మామ తొక్కాడు. పెడలు అడుగుదాకా పోయింది. నేను మెకానిక్కుకు ఫోను చేశాను. డబ్బాకు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలని, పొడుగు పైపులో గాలి ముందు పోవాలని చెప్పాడు. అంటే వెనక ఎడమది. కొత్త పైపులు వేసిన బండికి ఆ మూల నుంచి మొదలుపెట్టడం మామకు మింగుడుపడలేదు. స్పానరు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

అత్త దిగి వంటింట్లోంచి నిమ్మకాయ తెచ్చి ముందు కుడి చక్రం కింద పెట్టింది.

"దీనికి మొదలు అయిపోయె. ఇంక వెనక్కి పోండి. రేపు ఇందులో కూర్చునేది నేను."

మామ వెనక్కి నడిచాడు. వెనక ఎడమ నిపిలు దగ్గర చాలాసేపు బుడగలే వచ్చాయి. ఆ తర్వాత ఉత్త ఆయిలు. మిగిలిన మూడూ అయ్యేసరికి పెడలు సగంలోనే గట్టిగా నిలబడింది. అత్త ఇంకో రెండుసార్లు తొక్కి చూసింది. బాగుందని మాత్రం అనలేదు. టీ పెట్టడానికి లోపలికి పోయింది.

సోమవారం పొద్దున్నే జీపు నిమ్మకాయను నలిపి కదిలింది. గేటు దగ్గర ఒకసారి ఆపి చూపమంది అత్త. ఆగింది. నేను వెనక సీట్లో ఉన్నాను. మదురై చేరేదాకా మామ బ్రేకు వేసినప్పుడల్లా పక్క సీట్లో అత్త కుడికాలు కూడా కాళ్ల కింది రేకును అదుముతూనే ఉంది.