ఇప్పపూల రోజుల్లో పరీక్ష: సిరొంచ అడవి దారిలో ఒక బడికి

"మా పిల్లలకు లెక్కలు వస్తయే. పరీక్ష పెడితేనే రావు. ఎందుకో నువ్వొచ్చి చూడు" అని స్వప్న నెల రోజులుగా ఫోన్‌లో అంటోంది. స్వప్న నా స్నేహితురాలు. గోదావరి అవతల మహారాష్ట్రలో ఉన్న అంకిసలో పుట్టి, మరాఠీ మాధ్యమంలో చదివి, ఇప్పుడు సిరొంచ తాలూకాలో జింగనూర్ వైపు అడవిలో ఉన్న ఒక చిన్న సర్కారు బడిలో పాఠాలు చెబుతోంది. నేనేమో బీఎడ్ పూర్తి చేసి, ఉద్యోగ ప్రకటన కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కాలు నిలవని మనిషిని. ఏప్రిల్ మొదట్లో ఒక మధ్యాహ్నం సంచి సర్దుకుని బయలుదేరాను.

భూపాలపల్లి నుంచి కాళేశ్వరానికి పల్లెవెలుగు బస్సులో రెండు గంటల లోపే పట్టింది. ఆధార్ కార్డు చూపితే ఆడవాళ్లకు టికెట్ లేదు. అక్కడ దిగి షేర్ ఆటో ఎక్కితే గోదావరి వంతెన దాటి సిరొంచ. నా దగ్గర నలభై తీసుకున్నాడు, బేరమాడితే ముప్పైకి వస్తాడేమో. వంతెన దాటగానే బోర్డులు మరాఠీలోకి మారతాయి, మాటలు మాత్రం మనవే. ఆ పూట స్వప్న గదిలోనే ఉన్నాను.

మర్నాడు ఉదయం ఐదున్నరకు షేర్ జీపు ఎక్కాం, మనిషికి ఎనభై. డ్రైవర్ పోశం మామ స్వప్నకు రోజూ కనిపించే మనిషే.

"ఈ నెల బడికెందుకు పోతవ్ మేడం, పిల్లలు దొరకరు. చెట్ల కింద హాజరు తీస్కో, అందరుంటరు" అన్నాడు.

"అందుకే పరీక్ష తొమ్మిదిన్నరకు పెట్టిన మామా."

"తొమ్మిదిన్నరకైతే ఇంత పొద్దుగాల నన్నెందుకు సతాయించుడు?"

"ఈ పిల్లకు పూలు చూపియ్యాలె. భూపాలపల్లిల బొగ్గు తప్ప ఏం చూడలే" అంది స్వప్న నన్ను చూపిస్తూ. జీపులో ఉన్నవాళ్లంతా నవ్వారు.

ఏడు దాటాక ఊరి బయట దిగాం. ఇప్పచెట్ల కింద నేలంతా శుభ్రంగా ఊడ్చి ఉంది. లేత పసుపు పూలు దాని మీద ముత్యాల్లా పడి ఉన్నాయి, గాలంతా తీయటి వాసన. ప్రతి చెట్టూ ఒక ఇంటిది. వెలుగు రాకముందే ఇంటిల్లిపాదీ వచ్చి, పశువులు తినకముందే అమ్మకానికి ఏరుకోవాలి. పిల్లల చేతులు చిన్నవి, చురుకైనవి. నాలుగింటికి లేచిన పిల్ల ఎండాకాలపు ఒంటిపూట బడిలో ఏడింటికే కూర్చుంటే తల వాలిపోతుంది. స్వప్న ముందుగా కనిపెట్టిన కారణం అదే, పరీక్షను వెనక్కి జరిపింది అందుకే.

అక్కడే సరితను చూశాను. ఐదో తరగతి, ఇంట్లో అవ్వా తనూ ఇద్దరే. ఆ రోజు పరీక్షలో ఇరవైకి పదిహేను వస్తేనే హాస్టల్ బడి ప్రవేశ పరీక్షకు స్వప్న ఫారం నింపుతుంది. తయారు కాని పిల్లను అంత దూరం పంపి ఏడిపించడం ఇష్టం లేక తనే పెట్టుకున్న హద్దు అది. సరిత మాత్రం ఆ హాస్టల్ గురించి నన్ను పది ప్రశ్నలు వేసింది. మంచం ఎవరిది వాళ్లకేనా, ఫ్యాన్ ఉంటదా, ఇంటికి ఎప్పుడు పంపుతరు.

బడి రెండు గదులు, ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు. పిల్లలు ఇంట్లో గోండీ, అంగడిలో తెలుగు మాట్లాడతారు. ప్రశ్నపత్రం మరాఠీలో ఉంటుంది. స్వప్న ప్రతి ప్రశ్ననూ మరాఠీలో చదివి, తెలుగులో విప్పి చెప్పింది. పిల్లలకు దగ్గరగా ఉండాలని లెక్కలు కూడా వాళ్ల బతుకులోంచే తీసింది. పరీక్షకు ముందు అందరికీ ఉప్మా పెట్టించింది. వంటమ్మ నా పళ్లెంలోనూ వడ్డించి, "తిను బిడ్డా, నువ్వు గూడ పరీక్ష రాసేటట్టే ఉన్నవ్" అంది.

పన్నెండుకల్లా పేపర్లు దిద్దడం అయిపోయింది. సరితకు పద్నాలుగు. తప్పిన లెక్క చూసి స్వప్న తల పట్టుకుంది. 'సోమవారం ఐదు కిలోల ఇప్పపూలు, మంగళవారం మూడు కిలోలు ఏరితే ఇంట్లో మొత్తం ఎన్ని కిలోలు?' సరిత ఆరు అని రాసింది.

"ఇంత చిన్న కూడిక నీకు రాదా?" అంది స్వప్న.

"వస్తది మేడం."

"మరి ఆరెట్లయింది?"

సరిత మమ్మల్నిద్దర్నీ చూసి, "సోమారం పూలు ఎండల పోస్తం గద మేడం. మంగళారం దాక ఐదు కిలోలు ఎట్లుంటయ్? మూడే ఉంటయ్" అంది మెల్లగా.

స్వప్న పెన్ను కింద పెట్టింది. మనవరాలిని తీసుకుపోవడానికి వచ్చిన అవ్వ గడపలోనే నిలబడి వింటోంది. "మొన్నటి ఎండకైతే మూడు గూడ ఉండయ్. పిల్ల జర ఎక్కువనే చెప్పింది" అంది.

స్వప్న పెన్ను మళ్లీ చేతిలోకి తీసుకుంది. కొట్టేసిన గీత పక్కన ఒక మార్కు వేసి, పదిహేను చేసింది. "తప్పు నా ప్రశ్నది. కాని ఆ హాస్టల్ పరీక్షల ఎందుకట్ల రాసినవని నిన్నెవరూ అడగరు సరితా. ఎండినయని రాసి ఉంటేనే ఎండినట్టు. లేకుంటే ఉత్తగ కూడుడే" అని చెప్పి, అలాంటి లెక్కలు మరో నాలుగు చేయించింది. నాలుగూ సరిగ్గా వచ్చాయి.

ఇక మిగిలింది ఫారం మీద అవ్వ వేలిముద్ర. అవ్వ వేలు సిరాలో ముంచి ఆగింది. "ఈమె పోతే వచ్చే ఏడు పూలు ఎవలేరుతరు? నా నడుము వంగది."

సరిత తన కాళ్ల వైపు చూసుకుంటోంది.

"నేనొస్త అవ్వా, సెలవు రోజు" అంది స్వప్న.

"సెలవొక్కటి సాలదు. తప్పు లెక్క పెట్టినవ్ గద, జుర్మానా నాలుగు పొద్దులు. నాలుగింటికి లేవాలె."

"సరే, నాలుగు."

అవ్వ వేలు గట్టిగా ఒత్తింది.

తిరుగు జీపులో నాకు నేను ట్యూషన్లు చెప్పిన రోజులు గుర్తొచ్చాయి. ఎర్ర పెన్నుతో ఎన్ని జవాబులు కొట్టేశానో, ఎందుకలా రాశావని ఎంతమందిని అడిగానో లెక్క చూసుకుంటే రెండోది దాదాపు సున్నా. నిద్ర, ఆకలి, తెలియని భాష, చాలని టీచర్లు, ఇవన్నీ పల్లె పిల్లల మార్కులు తగ్గిస్తాయని పుస్తకాల్లో చదివాను, ఆ రోజు కళ్లతోనూ చూశాను. పిల్లకు తెలిసింది ప్రశ్న రాసినవాళ్లకు తెలియకపోవడం కూడా ఒక కారణమని మాత్రం నాకు సరితే చెప్పాల్సి వచ్చింది. అయినా తృప్తిగానే ఇల్లు చేరాను. ఫారం వెళ్లింది.

మీరూ ఇప్పపూల కాలంలో ఈ వైపు వెళితే ఒక మాట: ఊడ్చిన నేల మీద చెప్పులతో అడుగు పెట్టకండి, చెట్టు ఎవరిదో కనుక్కుని, అడిగి వెళ్లండి. బుట్ట చేతికిస్తే వద్దనకుండా కాసేపు ఏరండి.