మొగిలి కూర్చున్న ఆరు వారాలు

కుక్కకు మోచెయ్యి ఉంటుందని మొగిలికి యాభై రెండేళ్ల వయసులో తెలిసింది. అప్పటిదాకా కుక్కంటే నాలుగు కాళ్లూ ఒక తోకా అనే అనుకున్నాడు. అందులో తప్పేమీ లేదు, మనలో చాలామందిమి అంతే.

"నాలుగూ కాళ్లే గద సారూ, చెయ్యి ఎక్కడిది?" అన్నాడు, ఆటో దిగుతున్న భాస్కర్‌తో.

"ముందు రెండూ చేతుల్లాంటివే మొగిలీ. ఇదిగో, ఇక్కడ. పుట్టుకతోనే ఒక ముక్క ఎముక అతుక్కోలేదంట. స్క్రూ వేసి బిగించారు," అన్నాడు భాస్కర్. అతని చేతుల్లో దుప్పటిలో చుట్టిన అల్సేషన్ కుక్క ఉంది. ఎనిమిది నెలలది, పేరు ఫ్లాపీ. భాస్కర్ కంప్యూటర్ మనిషి కాబట్టి ఆ పేరు పెట్టాడు. మొగిలి భార్య లచ్చమ్మకు ఆ పేరు నోరు తిరక్క మొదటి రోజు నుంచీ పాప అనే పిలుస్తోంది. కుక్క రెండిటికీ పలికేది.

ఇది తొంభై తొమ్మిది ఫిబ్రవరి మాట. మాదాపూర్‌లో అప్పుడు బండలు ఎక్కువ, మనుషులు తక్కువ. పొద్దున పదకొండింటికొకసారి, సాయంత్రం నాలుగింటికొకసారి బండలు పేలుస్తుంటే కిటికీ అద్దాలు గడగడలాడేవి. కొత్తగా లేచిన గుండ్రటి ఆఫీసు బిల్డింగుకు కూతవేటు దూరంలో పదిహేను ఫ్లాట్ల అపార్టుమెంటు ఒకటి ఉండేది. దానికి మొగిలి వాచ్‌మన్. పరకాల వైపు మనిషి. బాలానగర్‌లో ఫ్యాన్ల రెక్కలు చేసే కార్ఖానాలో పదేళ్లు పనిచేశాడు. అది మూతపడ్డాక ఇక్కడ చేరాడు. గేటు పక్కనే ఒక గది ఇచ్చారు. లచ్చమ్మ ఫ్లాట్లలో గిన్నెలు తోమి వచ్చేది. ఆ గదీ ఆ గేటూ తప్ప వాళ్లకు ఊళ్లో మరో ఆధారం లేదు.

మొగిలికి ఒక గర్వం ఉండేది. కారు హారను వినపడగానే కుర్చీలోంచి లేచి, మడమలు టక్కున కలిపి, సలాం కొట్టి గేటు తీసేవాడు. అన్నం ముందు కూర్చున్నా సరే, ఎంగిలి చెయ్యి వెనక దాచుకుని ఎడమ చేత్తో సలాం కొట్టేవాడు. ఏడాదిన్నరలో ఒక్క కారుకు కూడా కూర్చుని మర్యాద చేసి ఎరగడు. "మీ మొగిలి మిలిటరీనా?" అని వచ్చిన చుట్టాలు అడిగితే ఫ్లాట్ల వాళ్లు కాదనకుండా నవ్వి ఊరుకునేవాళ్లు.

ఫ్లాపీ రెండు నెలల పిల్లగా వచ్చినప్పటి నుంచీ పగలంతా ఈ మిలిటరీ పక్కనే పెరిగింది. భాస్కర్, అతని భార్య మమత ఇద్దరూ పొద్దున పోతే రాత్రికి గానీ రారు. రెండువేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లన్నీ తేదీ మర్చిపోతాయట, వీళ్లు కూర్చుని వాటికి గుర్తుచేయాలట. తారీకు తెలియాలంటే క్యాలెండరు కొంటే సరిపోదా అని లచ్చమ్మ అనుమానం. అది పక్కన పెడదాం.

డాక్టరు చెప్పింది మాత్రం భాస్కర్ మూడుసార్లు చెప్పాడు. ఆరు వారాలు దూకకూడదు, ఉరకకూడదు, మెట్లెక్కకూడదు. రోజుకు మూడుసార్లు తాడు పట్టుకుని అయిదేసి నిమిషాలు నడిపించాలి, అంతే. ఈలోగా ఒక్కసారి గట్టిగా ఎగిరినా స్క్రూ కదులుతుంది. కదిలితే మళ్లీ కోయడానికి లేదు. బతికినన్నాళ్లూ మూడు కాళ్లే.

బిల్డరు లిఫ్టు ఇదిగో అదిగో అంటూ గుంత మాత్రం తవ్వి వదిలేశాడు. భాస్కర్ వాళ్లది మూడో అంతస్తు. కాబట్టి కుక్క మొగిలి గదిలోకి దిగింది.

"ఫికర్ చెయ్యకు సారూ. కదిలితె నన్నడుగు," అన్నాడు మొగిలి గుండె మీద చెయ్యేసుకుని.

పావుగంట గడిచిందో లేదో రెండో అంతస్తు మారుతి వచ్చి హారను కొట్టింది. మొగిలి లేచాడు. ఫ్లాపీ కూడా లేచింది. లేవడం కాదు, కట్టు కట్టిన కాలుతో సహా చెంగున ఎగిరి, మొగిలి పక్కన నిటారుగా నిలబడింది. ఆ వెంటనే కుయ్యిమని కూలబడింది. మొగిలికి పైప్రాణాలు పైనే పోయాయి. ఆరు నెలలుగా అది తన పక్కన ఊరికే కూర్చుందనుకున్నాడు. అది ఉద్యోగం నేర్చుకుందని అప్పుడు తెలిసింది.

లచ్చమ్మ ముగ్గురు ఆడపిల్లల కాన్పులు చేసిన మనిషి. ఆపరేషనైన ఒళ్లు ఎవరిదైనా ఆమెకు ఒకటే. పచ్చి ఒళ్లన్నాక బాలింతను చూసినట్టు చూడాలి.

"చెవుల దూది వెట్టాలె, తలకు గుడ్డ కట్టాలె. గాలి చొరది, హారను చొరది," అంది. పెట్టింది, కట్టింది. ఎర్ర తువ్వాలలో మొహం మాత్రమే కనపడుతూ కుక్క నిజంగానే పురుడు పోసుకున్న కోడలులా ఉంది. సాయంత్రం సాంబ్రాణి కూడా వేసింది. ఫ్లాపీ పదకొండు తుమ్ములు తుమ్మింది. తుమ్మినప్పుడల్లా స్క్రూ ఏమైందోనని మొగిలి వణికిపోయాడు. దాంతో సాంబ్రాణి బందయింది, దూదీ తువ్వాలా మిగిలాయి. చింతపండు పెట్టరాదు, వంకాయ పెట్టరాదు అని పథ్యం కూడా చెప్పింది కానీ, ఫ్లాపీ వాటిని ఎన్నడూ అడగలేదు కాబట్టి ఆ గొడవ రాలేదు.

మర్నాడు హారను మోగింది. ఫ్లాపీ కదల్లేదు. లచ్చమ్మ మొగిలి వైపు ఒక చూపు చూసింది. ఇంటి పెద్ద ఎవరో తేలిపోయిన చూపు అది. మొగిలి సంతోషంగా గేటు తీయడానికి లేచాడు. ఫ్లాపీ ఎగిరి నిలబడింది.

అతను మళ్లీ కూర్చున్నాడు. అది కూడా కూర్చుంది. గేటు బయట కారు గోల పెడుతోంది. మొగిలి కొంచెం నడుము ఎత్తి చూశాడు. కుక్క ముందు కాలు నేలకు ఆనించి, అతని మోకాళ్ల వైపే చూస్తోంది. దానికి చెవులతో పనే లేదు.

"హారను గాదే లచ్చమ్మా," అన్నాడు మెల్లగా. "దీనికి నేనే హారను."

ఆ రోజు నుంచి మొగిలి కూర్చున్నాడు.

చెప్పడానికి తేలిక. గది గుమ్మంలో కుర్చీ, కుర్చీ పక్కన గోనెసంచీ పరుపు, దాని మీద ఫ్లాపీ, దాని వీపు మీద మొగిలి చెయ్యి. నడక వేళకు లచ్చమ్మ దాన్ని తాడు పట్టుకుని తీసుకుపోతే, అది మలుపు తిరిగాకే అతను లేచి తన పనులు చూసుకునేవాడు. లచ్చమ్మ ఉన్నంతసేపు అతని టోపీ పెట్టుకుని ఆమే గేటు తీసేది. సలాం కూడా కొట్టేది, కాకపోతే కొంగు సర్దుకున్నాక కొట్టేది, అప్పటికి కారు లోపలికి వెళ్లిపోయేది. ఆమె గిన్నెలు తోమడానికి పైకి పోతే అసలు చిక్కు. గేటుకు తాడు కట్టి కుర్చీలోంచి లాగాలని చూశాడు. గేటు తెరుచుకుంది, మూసుకోలేదు, రెండు బర్రెలు లోపలికి వచ్చి రెండో అంతస్తు వాళ్లు కింద పెట్టుకున్న పూల మొక్కలు మేసిపోయాయి. చివరికి ఎవరి గేటు వాళ్లే దిగి తీసుకోవలసి వచ్చింది. నలుగురైదుగురు గొణుక్కున్నారు. ఒకాయన గొణుక్కోలేదు, నేరుగా నాగేశ్వరి గారికి చెప్పాడు.

నాగేశ్వరి గారు అపార్టుమెంటు ప్రెసిడెంటు. గుంటూరు వైపు హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్లు ఆమె అడుగుపెట్టగానే తరగతులకు తరగతులు లేచి నిలబడ్డాయి. ఆ అలవాటు ఎంత బలమైనదంటే, ఆమె మీటింగుకు వస్తే ఫ్లాట్ల ఓనర్లు కూడా, అందులో ఒకాయన బ్యాంకు మేనేజరు, తెలియకుండానే కుర్చీల్లోంచి లేచేవాళ్లు.

మూడో వారంలో ఆమె మొగిలిని పిలవలేదు, తనే కిందికి దిగి వచ్చారు. మొగిలి కుర్చీలోనే వంగి దండం పెట్టాడు.

"జబ్బా?" అన్నారామె.

"కాదమ్మా. కుక్క."

"కుక్క సంగతి నాకు చెప్పారు. కుక్కకి జీతం ఇవ్వట్లేదు కదయ్యా మనం. సోమవారం నుంచి నువ్వు లేచి గేటు తియ్యి. నీ వల్ల కాదంటే చెప్పు, ఒకటో తారీకు నుంచి వేరే మనిషిని చూసుకుంటాం. గది కూడా వాళ్లకి కావాలి."

ఆమె వెళ్లాక లచ్చమ్మ టోపీ తీసి మొగిలి ఒళ్లో పడేసింది. "కుక్క కాలు కోసం మన కాలు బయట వెడ్తవా ఏంది? పాపను సారు ఇంట్లకు పంపరాదు?"

అదీ అడిగాడు. భాస్కర్ పాపం ఆదివారం కుక్కను భుజాన వేసుకుని మూడంతస్తులు మోశాడు. పైకి పోయిన అరగంటలో కింద హారను మోగింది. దూది ఎప్పుడో రాలిపోయింది కాబోలు, ఫ్లాపీ మొగిలిని వెతుక్కుంటూ బాల్కనీ గోడ ఎక్కబోయింది. మమత దాని నడుము పట్టుకుని నేల మీద పడింది. ఆమె మోచెయ్యి దోక్కుపోయింది గానీ కుక్కది దక్కింది. ఏడుస్తూనే కిందికి తెచ్చి అప్పగించింది.

సోమవారం పొద్దున మొగిలికి భయం వేసింది. ఉద్యోగం పోతే ఎక్కడికి పోవాలో అతనికి నిజంగా తెలియదు. కార్ఖానా మూతపడ్డ రోజు టిఫిను డబ్బా పట్టుకుని బాలానగర్ రోడ్డు మీద నిలబడిన సంగతి ఇంకా గుర్తుంది. లేద్దామనే నిశ్చయించుకున్నాడు. కుక్కే కదా, పోనీ. మెల్లగా, నొప్పి తెలియకుండా, బియ్యం మూట దించినంత జాగ్రత్తగా పైకి లేచాడు. ఫ్లాపీ కూడా అంతే జాగ్రత్తగా, అతను ఎంత లేస్తే అంత లేస్తూ, కట్టు కాలు మీద బరువంతా వేసింది. అది మొహం చిట్లించలేదు. మనిషితో సమానంగా నిలబడాలని దాని ఆత్రం. మొగిలి ఇంకేమీ ఆలోచించలేదు, కూర్చుండిపోయాడు.

పదిన్నరకు నాగేశ్వరి గారి పాత ఫియట్ వచ్చింది. ఆమే నడుపుతున్నారు. ఒకసారి హారను కొట్టారు. లచ్చమ్మ పైన నాలుగో ఫ్లాటులో ఉంది. రెండోసారి కొట్టారు. ఫ్లాపీ మొగిలి మోకాళ్లు చూస్తోంది. అతను రెండు చేతులతో వాటిని అదిమి పట్టుకున్నాడు. మూడో హారను రాలేదు. కారు తలుపు చప్పుడైంది. నాగేశ్వరి గారు గేటు సందులోంచి చూశారు.

"ఏమయ్యా, నేను చెప్పింది అర్థం కాలేదా?"

"అర్థమైందమ్మా." మొగిలి మోకాళ్లు వదల్లేదు. "నేను లేస్తె ఇది లేస్తది. లేస్తె దాని కాలు పోతది. నేను నేర్పకుండనే నేర్చుకుందమ్మా, నన్ను జూసి. నన్ను తీసెయ్యాల్నంటె తియ్యిండ్రి, తప్పు నాదే. ఇంక ఇరవై దినాలున్నయి. జర అవి అయినంక తియ్యిండ్రి."

ఆమె కుక్కను చూశారు. తలకు ఎర్ర తువ్వాలతో అది ఆమెను చూసింది, వెంటనే చూపు తిప్పి మళ్లీ మొగిలి మోకాళ్ల దగ్గరికి పోయింది. ముప్ఫై ఏళ్లలో ఎన్ని వేల మంది పిల్లలు లేచి నిలబడ్డారో, వాళ్లలో ఒక్కరైనా ఆమెను ఇలా చూస్తూ నిలబడ్డారో లేదో ఆమెకే తెలియాలి. గేటు సందులోంచి చెయ్యి పెట్టి గొళ్లెం తీశారు. ఒక రెక్క తోశారు, రెండో రెక్క తోశారు. కారు లోపలికి తెచ్చి, దిగి వెనక్కి వచ్చి, రెండు రెక్కలూ మూశారు.

"కీళ్లకి ఆముదం పొయ్యి," అన్నారు వెళ్తూ. "ఆ కిర్రుకి మనుషులే లేస్తారు, కుక్కెంత."

సాయంత్రానికి మెట్ల దగ్గర గుండ్రటి అక్షరాలతో కాగితం అంటించి ఉంది. మార్చి ఇరవయ్యో తేదీ దాకా ఎవరూ హారను కొట్టరాదు, ఎవరి గేటు వారే తీసుకుని మూసుకోవాలి, వాచ్‌మన్‌ను లేపరాదు అని. కింద సంతకం చూసి ఎవ్వరూ నోరెత్తలేదు. బ్యాంకు మేనేజరు గారు మొదటి రోజు గేటు మూయడం మర్చిపోయి, వీధి మలుపు దాకా వెళ్లి గుర్తొచ్చి తిరిగొచ్చి మూశారు.

మొదట్లో మొగిలి సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. పెద్దపెద్ద సారులు చెమటలు కక్కుతూ గేటు తోస్తుంటే తను కుర్చీలో కూర్చోవడమా. కానీ గేటు తీసేవాళ్లు ఊరికే పోరు కదా, ఆగి పలకరిస్తారు. ఎలా ఉంది దానికి, నువ్వు తిన్నావా అని. ఏడాదిన్నర నుంచి ఆ కార్లకు సలాం కొడుతున్నాడు, అందులో సగం మొహాలు అతను చూడటం అదే మొదలు. నిజం చెప్పాలంటే రెండు వారాలు గడిచేసరికి ఆ మర్యాద అతనికి కొంచెం రుచించింది కూడా.

ఇరవయ్యో తేదీన భాస్కర్, మొగిలి కుక్కను పశువుల దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముక అతికిందన్నాడు. నడక చూడాలి, వరండాలో ఆ చివర దాకా నడిపించమన్నాడు. మొగిలి తాడు పట్టుకుని బయల్దేరాడు. డాక్టరు గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. వాళ్లు వెళ్లి వచ్చారు.

"కుంటు కనపడుతోందండీ," అన్నాడు డాక్టరు.

భాస్కర్ మొహం పాలిపోయింది. మొగిలి వంగి ఫ్లాపీ కాలు తడిమాడు.

"కుక్కది కాదు, ఆయనది. తాడు మీరు పట్టుకోండి."

నలభై రెండు రోజులు కుర్చీలో కదలకుండా కూర్చున్న మోకాళ్లు బిగుసుకుపోయిన సంగతి అప్పటిదాకా మొగిలే గమనించలేదు. తాడు ఇచ్చేసి, నొప్పి ఆగక గోడవారన నేల మీద కూలబడ్డాడు. భాస్కర్ తాడు అందుకుని రమ్మన్నాడు. ఫ్లాపీ నాలుగు కాళ్ల మీదా చక్కగా, తిన్నగా నాలుగు అడుగులు వేసింది. ఆగింది. వెనక్కి తిరిగి మొగిలిని చూసింది. తాడు లాక్కుంటూ వచ్చి అతని పక్కన కూర్చుని మోకాళ్ల మీద మూతి ఆనించింది. ఎంత పిలిచినా లేవలేదు.

మొగిలికి కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు. ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి దాని వీపుకు ఆనించాడు.

"ఇగ లేద్దాం దా పాప," అన్నాడు. "ఇద్దరం లేద్దాం."