ఎడంచేతి అలవాటు

బందరులో క్రికెట్ కోచ్ నాంచారయ్య అన్ని పనులూ ఎడంచేత్తోనే చేస్తాడు. గడ్డం గీసుకోవడం, తల దువ్వుకోవడం, చివరికి గుళ్లో గంట కొట్టడం కూడా. కుడిచెయ్యి భుజం దాటి లేవదు. ఆ చేత్తోనే ఒకప్పుడు పదకొండు రంజీ మ్యాచులు ఆడాడు. ఆఖరిదాని పొద్దున అప్పటి జట్టు కోచ్ "నొప్పేమన్నా ఉందా?" అనడిగితే "లేదండీ" అన్నాడు. దొంగచాటుగా ఇంజక్షన్ చేయించుకుని ఇరవై ఓవర్లు వేశాడు. అంతే, మళ్లీ బంతి విసరలేదు. ఇప్పుడు తెల్లారకముందే వచ్చి, ఉప్పుగాలికి తుప్పు పట్టిన స్తంభాలకి నెట్ కట్టుకుంటాడు, మ్యాట్ మీది ఇసుక ఊడుస్తాడు, బంతులు ఒక్కొక్కటే చొక్కాకి తుడుస్తాడు.

ఆరేళ్లుగా అతని దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఒక్కరూ జిల్లా జట్టుకి ఎంపిక కాలేదు. ఉన్న పిల్లలూ మానేస్తున్నారు. మిగిలిన ఒక్క ఆశ, గిలకలదిండి నుంచి వచ్చే లహరి. మగపిల్లలు కూడా ఆ అమ్మాయి కుడిచేత్తో వేసే బంతికి వెనక్కి జరుగుతారు. సెలక్షన్ రేపు. ఇవాళ లహరి సైకిల్ దిగి, ఎడంచేత్తో జడ వెనక్కి వేసుకుంది. నీళ్ల సీసాని మోకాళ్ల మధ్య ఇరికించి, ఎడంచేత్తోనే మూత తిప్పింది. నాంచారయ్య ఊడుస్తున్న చీపురు ఆగిపోయింది.

"నొప్పేమన్నా ఉందామ్మా?"

"అబ్బే, లేదు సార్."

అబద్ధం ఎంత తొందరగా వస్తుందో అతనికి తెలుసు. ఖాళీ నెట్ వైపు చూసి, రెండోసారి అడక్కుండా చీపురు పక్కన పెట్టాడు.

"సరే, ఆరు ఓవర్లు వెయ్యి. గట్టిగా వెయ్యాలి," అని కొత్త బంతి తీసి, చొక్కాకి తుడిచి, ఆమె కుడిచేతిలో పెట్టాడు.