కమ్మీ వదలని చేతులు

2014 జూన్‌లో నన్ను బెంగాల్‌లోని ఏక్‌బాల్‌పూర్‌లో రేవు కార్మికులు వచ్చే ఒక ఆసుపత్రికి వైద్యాధికారిగా వేశారు. అంతకుముందు పదహారేళ్ళు వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్రం చెప్పాను. పాఠం చెప్పినవాడికి పరీక్ష చేయడం ఒక లెక్కా అనుకున్నాను. నా తప్పు ఆ అనుకోవడంలోనే మొదలైంది.

నా పనుల్లో ట్రెడ్‌మిల్ పరీక్ష ఒకటి. మనిషిని కదిలే పట్టా మీద నడిపిస్తూ, మూడేసి నిమిషాలకు వేగమూ వాలూ పెంచుతూ, గుండె వేగాన్నీ రక్తపోటునూ రాసుకోవాలి. నా సంతకం లేనిదే ఎవరూ క్రేన్ ఎక్కడానికి లేదు.

అప్పన్నది శ్రీకాకుళం వైపు. రేవులో సిగ్నల్‌మన్. పద్దెనిమిదేళ్ళు ఓడ డెక్కు మీద నిలబడి, పైనున్న క్రేన్ డ్రైవరుకు చేతులతో సైగలు చేశాడు. ఇప్పుడు తనే ఆ క్యాబిన్‌లో కూర్చునే అవకాశం వచ్చింది. వయసు మీరుతోంది కనుక మళ్ళీ రాదు.

అతని ఉద్యోగం వినగానే నాలోని మాస్టారు నిద్రలేచాడు. మెదడు కూడా సిగ్నల్‌మనే అన్నాను. కాలు కదలకముందే గుండెకు సైగ వెళ్తుంది. పగ్గం పట్టిన నాడి పట్టు సడలిస్తుంది, తరిమే నాడులు అందుకుంటాయి, పనిచేస్తున్న కండరాలూ తమ కబురు పంపుతాయి. అప్పన్న మర్యాదగా అంతా విని, టిఫిన్ ఎప్పుడు తినొచ్చని అడిగాడు.

నడకలో రక్తపోటు పై అంకె పెరగాలి, కింది అంకె దాదాపు ఉన్నచోటే ఉండాలి. అప్పన్నకు రెండూ ఎగబాకాయి. పరీక్ష ఆపించాను. ఎంతోకాలంగా ఆ యంత్రం దగ్గర పనిచేస్తున్న టెక్నీషియన్ శిఖాది, అతను ముందున్న కమ్మీని గట్టిగా బిగించి పట్టుకున్నాడని బెంగాలీలో చెప్పింది. రేవు మనుషుల చేతులు అలాగే ఉంటాయని కొట్టిపారేసి, తాత్కాలికంగా అనర్హుడని రాశాను. ఇంకొక్కసారి తప్పితే ఫైలు మూసేస్తారు.

రెండు వారాలకు మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే కమ్మీ, అవే అంకెలు. నేను కలం తీశాను. ఆగిన పట్టా మీంచి అప్పన్న దిగలేదు.

"కింద నేల పారిపోతంటే ఏటీ పట్టుకోకుండా ఎలగ నడుత్తాం బాబూ? తమరోపాలి నడిసి సూపించండి."

శిఖాది నవ్వు ఆపుకోవడం చూసి, పంతానికి ఎక్కాను. ఆమె నా జబ్బకు పట్టీ చుట్టింది. పట్టా ఇంకా కదలనేలేదు, నా గుండె వేగం పెరిగింది. నేను చెప్పిన పాఠం నామీదే రుజువవుతోందని గర్వపడ్డాను. పట్టా కదిలింది. వేగం పెరిగేకొద్దీ నా వేళ్ళు వాటంతటవే కమ్మీకి చుట్టుకున్నాయి. శిఖాది నా అంకెలు గట్టిగా చదివింది. అప్పన్నవాటికన్నా ఘోరం.

"ఛేడే దిన్, స్యార్," వదిలేయండి అంది.

అప్పన్న నా ఎదుటికొచ్చి, రెండు చేతులూ చాచి, పిడికిళ్ళు మూసి తెరిచాడు. డెక్కు మీద అతని సైగ అది. "ఒగ్గీండి బాబూ, ఒగ్గీండి."

వేళ్ళు వదిలి, అరచేతులు కమ్మీకి ఊరికే ఆనించాను. ఒకటి రెండు నిమిషాల్లో కింది అంకె దిగింది. పిడికిలి బిగిస్తే ఆ కండరాల నుంచి వెళ్ళే కబురే రక్తపోటును పెంచుతుందని నేను ఏటేటా పరీక్షలో ప్రశ్న ఇచ్చేవాణ్ణి. రాయలేని పిల్లలను ఫెయిల్ చేశాను కూడా.

"తప్పు సైగ అందితే లోడు తప్పు సోటికెల్లిపోద్ది," అన్నాడు అప్పన్న. "డైవరుదేటి తప్పు?"

అరగంట విశ్రాంతి ఇచ్చి, చేతులు వదిలి నడవడం శిఖాది చేత నేర్పించి, మళ్ళీ పరీక్షించాను. అంకెలు సవ్యంగా వచ్చాయి. అప్పన్న క్రేన్ ఎక్కాడు.

ఫైలులో మాత్రం "పునఃపరీక్షలో సాధారణం" అని రాశాను. మొదటి రెండు పరీక్షలూ చెడింది నా వల్లనని రాయలేదు. శిఖాదికి క్షమాపణ చెప్పడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అప్పన్నకు చెప్పనేలేదు.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా ప్రతి పరీక్షలోనూ ముందు వేళ్ళు చూశాను, తర్వాతే అంకెలు. టెక్నీషియన్ ఏమైనా చెబితే, కలం కింద పెట్టి విన్నాను.